పాలస్తీనా కథ — పుస్తకాలు నిలిపిన సాక్ష్యం

ఇంగ్లీషులో ఖురాన్ తర్జుమా చదివినవారికి మార్మడ్యూక్ పిక్తాల్ పేరు క్రొత్త కాదు. ఆయన 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. 1927 నుంచి ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రిక నడిపారు. తర్జుమా పూర్తి చేసుకోవడానికి నిజాం ప్రభుత్వం జీతంతో సెలవిచ్చింది. ఆ గ్రంథం 1930లో వెలువడింది. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. కాని ఆయన పాలస్తీనా గురించి కూడా వ్రాశారన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు.

1894లో, ఇరవై ఏళ్ళైనా నిండని వయసులో, పిక్తాల్ పాలస్తీనా, సిరియా పల్లెలు తిరిగారు. అక్కడివారి బట్టలు కట్టి, వారి అరబ్బీ నేర్చారు. ఆ జ్ఞాపకాలను 1918లో ‘ఓరియంటల్ ఎన్‌కౌంటర్స్’ అనే పుస్తకంగా తెచ్చారు. అందులో ఊరి పెద్దలున్నారు, సత్రాలున్నాయి, గుర్రాల తగాదాలున్నాయి. అది జనం లేని బీడు నేల అని తరువాత కొందరు ప్రచారం చేశారు. ఆ మాటకు ఈ చిన్న పుస్తకమే ఒక జవాబు.

ఐరోపాలో హిట్లరు చేతిలో 60 లక్షలమంది యూదులు హతులయ్యారు. ఆ దుఃఖాన్ని ఎవరూ చిన్నచేయరాదు. అయితే 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన యుద్ధంలో సుమారు 7 లక్షలమంది పాలస్తీనీయులు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. వారిలో క్రైస్తవులూ ఉన్నారు. జెరూసలేము పంతులుగారు ఖలీల్ సకాకినీ అట్టివారే. పిల్లలకు అరబ్బీ వాచకం వ్రాసిన మనిషి, తన పుస్తకాలన్నీ ఇంట్లో వదలి కైరో వెళ్ళిపోయారు. పశ్చిమ జెరూసలేములో అలా ఖాళీ అయిన ఇళ్ళనుంచి సుమారు 30 వేల పుస్తకాలు అక్కడి జాతీయ గ్రంథాలయానికి చేరాయి. సకాకినీ 1953లో కన్నుమూశారు. 1967 యుద్ధం తరువాత ఆయన కూతుళ్ళు ఆ గ్రంథాలయానికి వెళ్ళి, తండ్రి పుస్తకాలను అక్కడ చూశారు.

పోయిన ఊళ్ళ లెక్క ఎవరు చెప్పాలి? వలీద్ ఖాలిదీ సంపాదకత్వంలో 1992లో వచ్చిన ‘ఆల్ దట్ రిమెయిన్స్’ ఆ పని చేసింది. ఖాళీ అయిన 418 గ్రామాలకు ఒక్కొక్కదానికి జనాభా, భూములు, మసీదు, బడి, ఇప్పుడు అక్కడ ఏమి మిగిలిందీ వ్రాసిపెట్టారు. మన ఊళ్ళకు అడంగలు ఎలాగో, వారికి ఆ పుస్తకం అలాగు. ఇజ్రాయెల్ చరిత్రకారుడు బెన్నీ మోరిస్ కూడా 1980ల చివర ఆ దేశపు సర్కారు కాగితాలే తిరగవేసి, చాలా గ్రామాలవారిని వెళ్ళగొట్టిన మాట నిజమేనని చూపించారు. ఇద్దరి అభిప్రాయాలు వేరు. అయినా ఊళ్ళు పోయిన సంగతి ఇద్దరూ కాదనలేదు. వ్రాసిన కాగితానికున్న బలం అది.

2023 అక్టోబరులో హమాస్ దాడితో మొదలైన యుద్ధంలో, ఆ డిసెంబరు నాటికి గాజా నగరంలోని ఉమరీ పెద్ద మసీదు, దాని పురాతన గ్రంథాలయం ధ్వంసమయ్యాయి. కాని అక్కడివారు కొందరు అంతకుముందే ఓపికగా కూర్చొని పాత వ్రాతప్రతులు అనేకం ఫోటోలు తీసి ఉంచారు. గోడలు కూలినా ఆ నకళ్ళు బ్రతికాయి.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోకండి. మన నల్లపాడు చుట్టుప్రక్కల ఎన్ని ఇళ్ళలో పాత ఇనాం కాగితాలు, నిఖానామాలు, తాతలు ఉర్దూలో వ్రాసుకున్న జాబులు ట్రంకుపెట్టె అడుగున చెదలు పట్టడం లేదు? చదవగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మిరప కోతలు అయ్యాక కాస్త తీరిక దొరికినప్పుడు వారి దగ్గర కూర్చోండి. చదివించి తెలుగులో వ్రాసుకోండి, నకళ్ళు తీయండి. ఖబరస్తానులో ఎవరు ఎక్కడ ఉన్నారో పేర్లు అడిగి పట్టీ వేయండి. యుద్ధమే రానక్కరలేదు. మన అశ్రద్ధ చాలు, ఒక ఊరి కథ మాసిపోవడానికి.