గేరు మార్చునది ఎవరు?

కొండదారి నెక్కుచున్న బస్సులో డ్రైవరు ప్రక్కన కూర్చున్నవారు ఒక సంగతి గమనించియే యుందురు. ఇంజను చప్పుడు బరువెక్కగానే డ్రైవరు ఎడమకాలితో క్లచ్ త్రొక్కి, ఎడమచేతితో గేరు కడ్డీని కదపును. ఎప్పుడు కదపవలెనో అతనికి ఎవరును చెప్పరు. చెవి చెప్పును, కాలి క్రింది అదురు చెప్పును. దీనిలో రెండు పనులు ఇమిడియున్నవి. ఒకటి, పళ్లచక్రముల జతను మార్చుట. రెండవది, ఎప్పుడు మార్చవలెనో నిర్ణయించుట. మొదటిది చేతిపని, రెండవది బుద్ధిపని. ఈ రెండును మనిషి నుండి యంత్రమునకు సంక్రమించిన వృత్తాంతము తెలిసినచో, నేటి వ్యానులో ‘ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్’ అను చిన్నపెట్టె చెడినపుడు బండి యంతయు ఏల కుంటినడక నడచునో బోధపడును.

పెట్రోలు ఇంజనుకు ఒక బలహీనత కలదు. ఆవిరి ఇంజను వలె అది నిలిచిన స్థితి నుండి బండిని లాగజాలదు. నిమిషమునకు కొన్నివందల చుట్లయినను తిరుగుచుండనిచో ఆగిపోవును. కావున ఇంజను వేగముగను, బండిచక్రము మెల్లగను తిరుగు ఏర్పాటు అవసరము. 20 పళ్ల చక్రము 60 పళ్ల చక్రమును త్రిప్పినచో వేగము మూడవవంతగును. రాపిడికి పోయినది పోగా త్రిప్పు బలము మూడు రెట్లగును. ఎత్తు నెక్కుటకు ఇట్టి జత కావలెను. చదునునేలపై వేరొక జత కావలెను.

1890 దశకములో ఫ్రాన్సు దేశమున ఎమీల్ లెవసార్ తన కార్లలో, ఇరుసుపై జారి ఒకదానితో ఒకటి కలియు పళ్లచక్రములను అమర్చెను. రెండు చక్రముల వేగములు సమానము కాకున్నచో పళ్లు కరకరలాడెడివి. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్-టి కారు వేరొక మార్గమును త్రొక్కినది. అందలి చక్రములు ఎల్లప్పుడును కలిసియే యుండును. నడుమ సూర్యుని వంటి చక్రము, దానిచుట్టు గ్రహముల వంటి చిన్నచక్రములు తిరుగును. ఏదో ఒక భాగమును కదలకుండ పట్టియుంచినచో వేగము మారును. ఈ ‘గ్రహచక్రముల’ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ మరల దీనియొద్దకే వచ్చును. 1928లో కాడిలాక్ కార్లలో ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన ‘సింక్రోమెష్’ ప్రవేశించెను. పళ్లు కలియుటకు ముందే చిన్న శంకువులు ఒరసికొని వేగములను సమానము చేయుటచే కరకర తగ్గినది. చేతిపని సులువైనది గాని, నిర్ణయము ఇంకను మనిషిదే.

ఇక్కడ నౌకల సంగతి కొంత చెప్పవలసియున్నది. ఆవిరి టర్బైను అతివేగముగా తిరుగును; ఓడను నడుపు పంకా మెల్లగా తిరుగవలెను. ఈ చిక్కును విడదీయుటకై జర్మన్ ఇంజనీరు హెర్మాన్ ఫోటింగర్ 1905లో ద్రవము ద్వారా బలమును అందించు సాధనమునకు పేటెంటు పొందెను. దీని తత్త్వము తరగతిలో చూపవచ్చును. రెండు బల్లపంకాలను ఎదురెదురుగా నుంచి ఒకదానినే నడిపినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. గాలికి బదులు నూనె, పంకాలకు బదులు రెక్కల గిన్నెలు ఉన్నవనుకొనుడు. ఇంజనుకును చక్రములకును నడుమ ఇనుము ఇనుమును తాకదు. కావున క్లచ్ పెడలుతో పనిలేదు.

ఈ రెండు దారులను కలిపినది జనరల్ మోటార్స్ కంపెనీ. 1939లో ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లలో అమర్చిన ‘హైడ్రామాటిక్’ అను గేరుపెట్టెలో నూనె గిన్నెలును గ్రహచక్రములును కలవు. దానిని రూపొందించిన బృందమునకు నాయకుడు పైన చెప్పిన థాంప్సనే. అందు నిర్ణయము చేసినది నూనె. బండి వేగము పెరిగినకొలది, 1788లో జేమ్స్ వాట్ ఆవిరి ఇంజనుకు అమర్చిన గవర్నరు వంటి సాధనము ఒక నూనె ఒత్తిడిని పెంచును. డ్రైవరు ఆక్సిలరేటరును నొక్కినకొలది రెండవ ఒత్తిడి పెరుగును. రెండును ఒక కవాటమును ఇరువైపుల నుండి త్రోయును. వేగము నెగ్గినచో పైగేరు. పాదము నెగ్గినచో క్రిందిగేరు. ఇది త్రాసు వంటి తీర్పు. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా వారి ఎం-5 తేలిక టాంకులకు ఈ గేరుపెట్టెలనే వాడిరి.

అయితే నూనె తీర్పరికి తెలిసినవి రెండే సంగతులు. చలికి తాను చిక్కబడిన సంగతి గాని, క్లచ్ పలకలు అరిగిన సంగతి గాని దానికి తెలియదు. ఈ లోపమును తీర్చినది ఎలక్ట్రానిక్ శాస్త్రము. 1947లో ట్రాన్సిస్టరు, 1971లో మైక్రోప్రాసెసరు అవతరించినవి. 1989 నమూనా నాటికి క్రైస్లర్ కంపెనీ డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ అను వ్యానులలో ‘అల్ట్రాడ్రైవ్’ అను నాలుగు గేర్ల పెట్టెను ప్రవేశపెట్టెను. గేరుపెట్టెలోనికి వచ్చు వేగమును, వెలుపలికి పోవు వేగమును రెండు గ్రాహకములు నియంత్రణపెట్టెకు తెలుపును. అది సాలెనాయిడ్లు అను నాలుగు విద్యుదయస్కాంత కవాటముల ద్వారా ఐదు క్లచ్‌లకు నూనెను పంపును. ఒక్కొక్క క్లచ్ నిండుటకు ఎంత నూనె పట్టుచున్నదో కనిపెట్టి జ్ఞాపకముంచుకొనును. పలకలు అరిగినకొలది ఆ లెక్కను సవరించుకొనును. తొలి సంవత్సరములలో దీనిపై ఫిర్యాదులు విశేషముగా వచ్చినవి. అయినను గేరు మార్చు బుద్ధి పూర్తిగా విద్యుత్తు పాలైనది.

లెక్క తప్పినట్లు తోచినచో ఈ పెట్టె యేమి చేయును? కవాటములకు విద్యుత్తును ఆపివేయును. విద్యుత్తు లేనపుడు నూనె రెండవ గేరునకు పోవునట్లే కవాటముల అమరిక యున్నది. కావున వ్యాను ముందునకు రెండవ గేరులోనే నడచును. మెల్లగనైనను ఇల్లు చేరును. డ్రైవరు గేరుపెట్టె నాశనమైనదని భయపడును గాని, ఇది యంత్రమును కాపాడుటకై చేసిన ఏర్పాటు.

అసలు చిక్కు ఇక్కడనే యున్నది. బ్యాటరీ నీరసించినను, నూనె తగ్గినను, తగని నూనె పోసినను, తీగల కలయికలో చిలుము పట్టినను, గ్రాహకము చెడినను బండి ఇట్లే కుంటును. 1996 నుండి అమెరికాలో అమ్మిన కార్లు దోషసంకేతములను ఒకే పద్ధతిలో తెలుపుచున్నవి. కాని పి 0700 అను సంకేతమునకు ‘గేరు నియంత్రణలో దోషమున్నది’ అనియే అర్థము. పెట్టె చెడినదని కాదు. జ్వరము రోగము కానట్లే సంకేతము కారణము కాదు. చౌకైనవాటిని ముందు పరీక్షించి, ఒక్కొక్కదానిని తొలగించుకొనుచు పోయి, తుదకు పెట్టెను అనుమానింపవలెను. ఈ వరుస తప్పిన మెకానిక్కు మంచిపెట్టెను పారవేయును; డబ్బు పోవును గాని దోషము పోదు.

పెట్టె నిజముగా చెడినచో, బ్యాటరీ తీగను విప్పి, సరియైన నంబరు గల క్రొత్తదానిని బిగింపవలెను. కొన్ని బండ్లలో అది గేరుపెట్టె లోపల నూనెలోనే యుండును. బిగించుటతో పని ముగియదు. పైన చెప్పిన వ్యానులలో టైరు కొలత, చివరి పళ్లచక్రముల నిష్పత్తి పెట్టెకు తెలుపనిచో స్పీడోమీటరు సరిగా పనిచేయదు. పిదప ఆ బండి క్లచ్‌లకు ఎంత నూనె పట్టునో అది నేర్చుకొనవలెను. నడుమ సంవత్సరములో బడికి వచ్చిన క్రొత్త ఉపాధ్యాయునకు పాఠము తెలియును గాని పిల్లలు తెలియరు. కొన్నాళ్లు వారితో గడపవలెను. క్రొత్తపెట్టె స్థితియు అంతే. అంతవరకు గేరు మారునపుడు కుదుపు కలిగినచో, అది చెడినదని తొందరపడరాదు.

గేరు మార్చు చేయియు, మార్చు వేళను ఎరిగిన బుద్ధియు నేడు యంత్రమునకు చేరినవి. అది కుంటునపుడు కారణమును వరుసగా వెదకుపని మాత్రము నేటికిని మెకానిక్కుదే. తరగతిలో ఒక దీపము వెలుగనపుడు తీగను, స్విచ్చిని, బల్బును వరుసగా చూచు విద్యార్థి ఆ పనికి తొలి అక్షరములు దిద్దుకొనుచున్నట్లే.