ఇంగ్లండు నేతగాండ్రు - ఆరిక్యులా పుష్పము

ప్రిమ్యులా అను పుష్పజాతికి తెలుగున పేరు లేదు. అది తెలుగునేలపై పుట్టినది కాదు. ఈ నేల యెండకు తాళునదియు కాదు. 'మొదటిది' అను అర్థము గల లాటిను పదమునుండి దానికా పేరు వచ్చినది. చలికాలము వెడలిన వెంటనే, తక్కిన పూలకంటె ముందుగా విచ్చుకొనుటయే అందులకు కారణము. ప్రిమ్యులాలలో నాలుగువందలకు పైబడిన జాతులు కలవు. వానిలో మిక్కిలి భాగము హిమాలయములందును, వానిని ఆనుకొనియున్న పశ్చిమ చైనా కొండలందును పెరుగును. యూరపు ఖండపు ఆల్ప్సు పర్వతములలో పుట్టినవి కొలది మాత్రమే. అయినను ఆ కొలదిలో ఒకటియగు ఆరిక్యులా చరిత్ర తక్కినవాని చరిత్రకంటె విచిత్రమైనది. పండితుల తోటలలో మొదట ప్రవేశించిన ఆ మొక్క, తరువాత నూరు సంవత్సరములకు పైగా చేతిమగ్గము నేయు సామాన్యుల పెరళ్లలో పోషింపబడి, అచ్చటనే తన పరిపూర్ణరూపమును పొందినది. మగ్గమును నమ్ముకొని ఇతర ప్రాంతములకు పోయి స్థిరపడిన కుటుంబములు తెలుగువారిలో అనేకములు గలవు. షోలాపురపు పద్మశాలీయులు, బరంపురపు పట్టునేతవారు, తమిళదేశమున తెలుగు మాటలాడు దేవాంగులు అట్టివారు. నేతపనికిని ఒక పూవునకును గల ఈ సంబంధము వారికి తక్కినవారికంటె సులభముగా బోధపడగలదు.

ఆరిక్యులా ఆల్ప్సు పర్వతములందు సున్నపురాతి చరియల సందులలో పెరుగు చిన్న మొక్క. దాని ఆకు దళసరిగా, మెత్తగా నుండుటచే ప్రాచీనులు దానిని 'ఎలుగుబంటి చెవి' అని వ్యవహరించిరి. కొండపై పూచు పూవు పసుపుపచ్చనిది. 1573లో చక్రవర్తి రెండవ మాక్సిమిలియను ఆస్థానమునకు వియన్నా చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు క్లూసియసు ఈ జాతి మొక్కలను కొండలనుండి తెచ్చి తోటలో పెంచిచూచెను. వానిలో చక్కగా నిలిచినవి రెండే. ఒకటి పచ్చని ఆరిక్యులా. రెండవది ఎర్రని పూవు గల మొక్క. దానిని ఆయన ఒక వైద్యశాస్త్రాచార్యుని తోటలో చూచి గ్రహించెను. 1583లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఈ రెంటిని వర్ణించెను.

ఆ ఎర్రని మొక్క ఎక్కడిదో నిశ్చయముగా తేలుటకు దాదాపు మూడువందల సంవత్సరములు పట్టినది. 1875లో ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కెర్నరు దాని జన్మస్థలమును ఇన్సుబ్రుకు నగర ప్రాంతపు కొండలలో గుర్తించెను. పచ్చని ఆరిక్యులాకు సున్నపురాయి కావలెను. దాని దాయాదియగు గులాబిరంగు హిర్సూటాకు సున్నములేని రాయి కావలెను. ఈ రెండు రాళ్లును కలసిన చోట రెండు మొక్కలును ఎదురుపడి సంకరించినవి. తోట ఆరిక్యులాల రంగులన్నిటికిని మూలము ఆ సంకరమే. శుద్ధజాతి కొండపైననే పచ్చగా నిలిచియుండగా, సరిహద్దున పుట్టిన సంకరజాతి లోకమంతయు తిరిగినది.

ఈ మొక్క ఇంగ్లండుకు ఎట్లు వచ్చెను? ప్రచారములో నున్న కథ యొకటి కలదు. 1567 తరువాత ఆల్వా ప్రభువు దండయాత్రచే బాధితులైన ఫ్లాండర్సు నేతగాండ్రు మతస్వేచ్ఛకై సముద్రము దాటునపుడు, తమ మగ్గపు సామగ్రితోపాటు ప్రియమైన ఆరిక్యులా కుండీలను గూడ వెంట దెచ్చుకొనిరని ఆ కథ. కథ అందమైనదే. కాని ఆ కాలపు ఆధారము ఒక్కటియు దీనికి దొరకదు. 1597లో వెలువడిన జెరార్డు ఓషధిగ్రంథము ఆరిక్యులాలను వర్ణించినదే గాని శరణార్థుల ప్రసక్తి తేలేదు. క్లూసియసుకు అనేక దేశముల పండితులతో ఉత్తరప్రత్యుత్తరములు, విత్తనముల మార్పిడియు నుండెను. మొక్కయు ఆ మార్గముననే వచ్చియుండుట ఎక్కువ సంభావ్యము.

అట్లని కథను పూర్తిగా త్రోసిపుచ్చుటయు న్యాయము కాదు. ఇంగ్లండులో పూలపెంపకందార్లు ఏటేట విందుగా కూడు ఆచారము మొట్టమొదట కనబడునది నార్విచ్ నగరమున. 1631 మే నెలలో అచ్చటి విందు సందర్భమున 'రోడను - ఐరిసు' అను నాటకము ప్రదర్శింపబడినది. ఆ నార్విచ్ నగరమే ఫ్లాండర్సు నేతగాండ్రకు ప్రధాన ఆశ్రయము. కావున పూలను పోటీకి పెంచు అభిరుచిని వలసవచ్చినవారు తెచ్చియుండవచ్చును. ఆ మొక్కను వారే తెచ్చిరనుటకు మాత్రము వీలులేదు. వలసపోయిన ప్రతి సంఘమునందును ఇట్టి కథలుండును. ఒక వస్తువును పట్టుకొని, పుట్టినచోటినుండి దీనిని మేమే తెచ్చితిమని చెప్పుకొందురు. చరిత్రకారుడు వస్తువును కాక, దానివెనుక నున్న అలవాటును వెదకినచో ఎక్కువ లాభము పొందును.

ఆ కాలమున 'ఫ్లోరిస్టు' అనగా పూలమ్మువాడు కాదు. ఏర్పరచిన నియమములను బట్టి, కొన్ని నిర్ణీతజాతుల పూలను పోటీకై పెంచువాడని అర్థము. తులిపు, కార్నేషను, రనంక్యులసు, హయసింతు మొదలగువానితోపాటు ఆరిక్యులాయు, దాని బంధువగు పాలియాంథసును ఆ జాతులలో చేరినవి. పదునెనిమిదవ శతాబ్దమున ఉత్తర ఇంగ్లండు గ్రామములందు సత్రశాలలలో ఈ పోటీలు జరుగుచుండెను. బహుమానము తరచుగా ఒక రాగి కెటిలు. ఫ్లోరిస్టులందరును నేతగాండ్రే యనుట అతిశయోక్తి. వారిలో వర్తకులు, సత్రాధికారులు, మతాచార్యులును గలరు. అయినను లాంకషైరులో ఆరిక్యులాకును, స్కాట్లండునందలి పెయిస్లీలో పింకు పూవునకును, లండను నగరపు స్పిటల్‌ఫీల్డ్సులో అనేక పుష్పములకును నేతగాండ్రే ముఖ్యపోషకులని చెప్పుటకు సందేహింప నక్కరలేదు.

అందులకు కారణము పూవు స్వభావములోనే యున్నది. 1750 ప్రాంతమున ఆరిక్యులాలో ఒక వింత మార్పు కలిగెను. రేకు అంచు రేకుగా నుండక ఆకు స్వభావమును పొంది ఆకుపచ్చగా మారినది. అట్టి పూవును మధ్యనుండి చూచినచో మొదట పసుపుపచ్చని గొట్టము, దానిచుట్టు పిండి అలదినట్టి తెల్లని వలయము, దానిచుట్టు నల్లని వలయము, చివర ఆకుపచ్చని అంచు కనబడును. అంచుపై తెల్లని పొడి పలుచగా పడినచో బూడిదరంగనియు, దట్టముగా పడినచో తెల్లయంచనియు విభజించిరి. వలయములు సరియగు ప్రమాణములో, పూవు బల్లపరుపుగా, గుండ్రముగా నుండవలెను. ప్రకృతిలో ఎచ్చటను లేని పూవిది; మనుష్యుని కన్ను ఎన్నుకొని ఎన్నుకొని చేసినది.

దాని సొగసంతయు ఆ తెల్లని పొడిలో నున్నది. ఒక్క వానచినుకు పడినచో ఆ పొడి కరగి మచ్చపడును. సంవత్సరపు శ్రమ వ్యర్థమగును. మొక్క మంచునకు చావదు, తేమకు చచ్చును. కావున చలికాలమున గాజుపలకల పెట్టెలో దాదాపు ఎండుగా నుంచి, ఏప్రిలు చివర పూచునపుడు వాన తగులకుండ కప్పి, గాలి ఆడునట్లు తీసి, ఎండ హెచ్చినచో ఉత్తరపు నీడకు మార్చవలెను. దినమునకు పదిమారులు చూడవలసిన పని యిది. ఇంటియందే మగ్గము గలవాడు ఆకాశమున మబ్బు కనబడగానే పలక విడిచి లేచిపోయి కుండీలను లోపల బెట్టి మరల వచ్చి కూర్చుండగలడు. కూలి లెక్క నేసిన గుడ్డకే గాని గడిచిన గంటకు కాదు. పడుగుకు గంజిపెట్టి వీధిలో సాచిన దినమున మబ్బును కనిపెట్టుకొని యుండుట ఎరిగిన షోలాపురపు, బరంపురపు కుటుంబములకు ఈ విషయము విశేషముగా వివరింప నక్కరలేదు.

పోషణక్రమము గూడ నిదానమైనది. పూలు రాలిన పిమ్మట, వేసవి మొదట, మొక్కను కుండీనుండి తీసి పాతమన్ను దులిపి, ముల్లంగివలె లావైన వేరుదుంపలో క్రుళ్లిన అడుగుభాగమును కోసివేయుదురు. వేళ్లపై తెల్లని నూగుతో కనబడు పేనును తుడిచివేయుదురు. ప్రక్కన పుట్టిన పిలకలను విడదీసి వేరు చిన్నకుండీలలో నాటుదురు. కుండీ వెడల్పుకంటె లోతు ఎక్కువగా నుండవలెను. నీరు ఆకులపై పడరాదు. ఎరువు విషయమున మాత్రము ఫ్లోరిస్టులు మితి తప్పిరి. జేమ్సు మడ్డాకు 1792లో ప్రకటించిన గ్రంథమున చెప్పిన పద్ధతులు చాలవరకు మితమైనవే. 1815లో ఐజాకు ఎమర్టను చెప్పిన ఎరువులో ఎద్దురక్తమున నానవేసిన పెద్దబాతుల పెంట, పంచదార శుద్ధిచేయుచోటి మడ్డి చేరినవి. ఆ ఘాటు తట్టుకొని బ్రతికిన మొక్కల ఓర్పును మెచ్చుకొనవలసినదే. తరువాతివారు మాగిన ఆకుమన్ను, ఇసుక, గరపనేలలతోనే అంతకంటె మంచి పూలను పూయించిరి.

ఈ క్రమమంతయు చలిదేశమునకే. చలికాలపు విశ్రాంతి లేని దక్కను పీఠభూమిపై ఆరిక్యులాను పెంచబూనుట వృథాప్రయాస. భారతదేశపు పర్వతనగరములందు కుండీలలో కనబడు ప్రిమ్యులా చైనాలోని యునాన్ నుండి వచ్చిన మలకాయిడీసు అను వేరొక జాతి. దానిని ఏటేట విత్తనమునుండి పెంచి, పూలు ముగిసిన పిదప విడిచివేయుదురు. ఆరిక్యులా అట్లు కాదు. ఒక మొక్కను పిలకలద్వారా తరతరములు కాపాడవలసియుండును.

మగ్గపు సంబంధమునకు సాక్ష్యముగా ఒక మాట నేటికిని నిలిచియున్నది. ప్రిమ్యులా పూలు రెండు రకములు. కొన్నిటిలో పొడవైన కీలము గొట్టపు నోటివరకు వచ్చి గుండుసూది తలవలె కనబడును. కేసరములు లోపల నుండును. వీనిని 'సూదికన్ను' పూలనిరి. తక్కినవానిలో కీలము పొట్టిది. కేసరములు గొట్టపు నోటివద్ద గుంపుగా నిలిచి దానిని నింపును. వీనిని 'త్రమ్‌కన్ను' పూలనిరి. 'త్రమ్' అనగా గుడ్డ కోసిన తరువాత మగ్గమున మిగిలిపోవు పడుగుపోగుల కొసలు. పోగుకొసల కుచ్చును రోజూ చూచువాని కన్నే ఆ పోలికను పట్టగలదు. పోటీలలో త్రమ్‌కన్నునే గ్రహించి, సూదికన్నును ఎంత అందముగా నున్నను నిరాకరించిరి. 1861లో డార్విను లండను లినీయను సంఘమున ప్రిమ్యులాల ఈ ద్వైరూప్యమును గూర్చి వ్యాసము చదివెను. ఒక రూపపు పుప్పొడి రెండవ రూపమునకు చేరినపుడే గింజ సమృద్ధిగా పట్టునని ఆయన నిరూపించెను. పరపరాగమునకై ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఈ రెండు రూపములును పెంపకందార్లకు ముందే తెలిసినవనియు, వారి పేర్లివియేననియు డార్విను చెప్పుట మరువలేదు. నేతవాని మాట ఆ విధముగా శాస్త్రమున చేరినది.

అప్పటికే నేతవాడు కనుమరుగగుచుండెను. 1820 ప్రాంతమున బ్రిటనులో 2,40,000 మంది నూలుబట్టల చేతిమగ్గపు పనివారుండిరని చరిత్రకారుల అంచనా. 1850 నాటికి వారు 40,000 ప్రాంతమునకు తగ్గిరి. మరమగ్గము కూలిని తగ్గించుటయే కాక పనిచేయు చోటును మార్చివేసినది. మిల్లు గంటకు లోనైనవాడు మబ్బు చూచి లేచిపోలేడు. పెరడు లేని వరుసయిండ్లు, పొగ మిగిలినవానిని హరించినవి. విత్తనమునుండి పుట్టిన ఆరిక్యులా తల్లివలె నుండదు. పిలక ఒక్కటే మార్గము. అదియు ఏటికి ఒకటి రెండుకంటె రాదు. కావున పెంచువాడు లేనిచో రకమును లేదు. ఆనాటి పట్టికలలోని పేర్లలో పెక్కు పేర్లుగా మాత్రమే మిగిలినవి. ఒకప్పుడు గొప్ప వెలకు పోయిన చారల ఆరిక్యులాలు పూర్తిగా అంతరించగా, ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మరల విత్తనమునుండి చారల పూలను సాధించిరి. అవి చారల పూలే గాని పాతవి కావు. షోలాపురమునకు మొదటి మిల్లు 1877లో వచ్చినది. చేతిమగ్గముతోపాటు ఇంకేమి పోవునో లెక్కించువానికి లాంకషైరు ఉదాహరణము ఉపయోగపడును.

అంచు ఆరిక్యులాలు మాత్రము పూర్తిగా నశింపలేదు. 1870-80 దశకమున కొందరు ఔత్సాహికులు మిగిలిన మొక్కలను సేకరించి జాతీయ ఆరిక్యులా సంఘమును స్థాపించిరి. దాని పోటీలు నేటికిని వసంతకాలమున జరుగుచున్నవి. పోటీదారులలో నేతగాండ్రు లేరు. కొలతలు, వలయములు, నియమములు వారివే. సూదికన్ను పూవును బల్లపై పెట్టినచో పరీక్షకుడు ఇప్పటికిని దానిని ప్రక్కకు తీసివేయును.