కుళాయి నీటికి కొలత వచ్చిన కథ

మీ ఇంటి గేటు దగ్గర, వీధి గొట్టం నుంచి నీరు లోపలికి వచ్చే చోట, మూత ఉన్న చిన్న గుంటగానీ ఇనుప పెట్టెగానీ ఉందేమో చూడండి. మూత తీస్తే గాజు కింద వరుసగా కొన్ని అంకెలు కనిపిస్తాయి. నీరు వస్తున్నప్పుడు పక్కనే ఒక బుల్లి చక్రం గిరగిరా తిరుగుతుంది. అదే నీటి మీటరు. మీ ఇంట్లో అది లేకపోతే ఆశ్చర్యపోకండి. మన దేశంలో చాలా పట్టణాల్లో కుళాయికి నెలకు ఇంత అని ఒకే మొత్తం కట్టించుకునే పద్ధతి ఉంది.

"మీటరు పెడితే బిల్లు పెరుగుతుందా, తగ్గుతుందా?" పెద్దవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. నీటికి కొలత ఎలా వచ్చిందో, అది వచ్చాక ఎవరి బిల్లు ఎటు కదిలిందో తెలుసుకుంటే జవాబు మీకే దొరుకుతుంది.

రోము నగరపు కంచు నాళిక

ప్రాచీన రోము నగరానికి దూరపు ఊటల నుంచి, నదుల నుంచి పెద్ద కాలువల ద్వారా నీరు వచ్చేది. క్రీ.శ. 97లో ఈ నీటి వ్యవస్థకు ఫ్రాంటినస్ అనే అధికారి బాధ్యత తీసుకున్నాడు. తాను చూసినదంతా ఒక గ్రంథంగా రాశాడు. ఇంటికి నీరు కావాలంటే చక్రవర్తి అనుమతి కావాలి. అనుమతి పొందినవారికి నీటి తొట్టె గోడలో ఒక కంచు నాళిక బిగించేవారు. సీసం మెత్తటి లోహం కనుక దాన్ని సాగదీసి రంధ్రం పెద్దది చేయవచ్చు. కంచుతో అలా చేయడం కష్టం. అందుకే కంచు! నాళిక పరిమాణాన్ని దాని మీద ముద్ర వేసేవారు. కొలతకు ప్రమాణం "క్వినారియా" అనే గొట్టం.

ఫ్రాంటినస్ లెక్కలు తీసి చూస్తే వింత బయటపడింది. దస్త్రాల ప్రకారం వచ్చిన నీరు 12,755 క్వినారియాలు. పంపిణీ అయినట్టు రాసినది 14,018 క్వినారియాలు! వచ్చినదానికంటే ఇచ్చినది 1,263 ఎక్కువ. ఇంకా వెతికితే ముద్ర లేని నాళికలు, అనుమతికి మించిన నాళికలు, దొంగ గొట్టాలు దొరికాయి.

ఇక్కడ శాస్త్రపరమైన చిక్కు కూడా ఒకటి ఉంది. రంధ్రం ఎంత పెద్దదో తెలిసినంత మాత్రాన నీరు ఎంత వచ్చిందో తెలియదు. నీటి వేగం కూడా తెలియాలి. వేగం వల్ల తేడా వస్తుందని ఫ్రాంటినస్ గమనించాడు కానీ దాన్ని లెక్కలోకి తెచ్చే మార్గం ఆయన దగ్గర లేదు. ప్రవాహం అంటే గొట్టం వైశాల్యాన్ని వేగంతో గుణించగా వచ్చేదని ఇటలీలో గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి 1628లో ప్రచురించిన గ్రంథంలో స్పష్టం చేశాడు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఒక్క వరుసలో కనిపించే ఈ సూత్రానికి అంత కాలం పట్టింది.

ఇల్లు చూసి బిల్లు

ఇప్పుడు లండనుకు వెళదాం. అక్కడ 1613లో "న్యూ రివర్" అనే కాలువ పూర్తయి, కొయ్య గొట్టాల ద్వారా ఇళ్ళకు నీరు అమ్మడం మొదలైంది. తరువాత మరికొన్ని కంపెనీలు వచ్చాయి. ఏ ఇంటివారు ఎన్ని కుండల నీరు వాడారో కొలిచే సాధనం లేదు. కాబట్టి కంపెనీలు ఒక తేలిక దారి పట్టాయి. ఇంటి విలువ ఎక్కువైతే బిల్లు ఎక్కువ, తక్కువైతే తక్కువ. స్నానపు తొట్టి ఉంటే అదనంగా కొంత.

ఈ పద్ధతిలో కొంత న్యాయం ఉంది. ఉన్నవాడు ఎక్కువ కడతాడు, లేనివాడు తక్కువ కడతాడు. కానీ తగాదాలు తప్పలేదు. 1880లలో డాబ్స్ అనే న్యాయవాది ఒక నీటి కంపెనీ మీద దావా వేశాడు. బిల్లుకు ఆధారమైన "వార్షిక విలువ" అంటే ఇంటి మొత్తం అద్దె విలువా, లేక మరమ్మతులు మొదలైన ఖర్చులు తీసివేయగా మిగిలిన విలువా అన్నది వివాదం. 1883లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఒక్క సంగతి గమనించండి. ఇంత పెద్ద వ్యాజ్యంలో ఆ ఇంట్లో ఎంత నీరు వాడారన్న ప్రశ్నే రాలేదు!

మీటరు లోపల ఏముంది?

అప్పటికే కొలిచే యంత్రం పుట్టింది. 1850ల తొలినాళ్ళలో ఇంగ్లండులో స్థిరపడిన విలియం సీమెన్స్, స్కాట్లండులోని కిల్మార్నాక్ పట్టణానికి చెందిన థామస్ కెనెడీ వేరువేరు పద్ధతుల్లో నీటి మీటర్లు తయారుచేశారు. ఇప్పటికీ యాంత్రిక మీటర్లలో ప్రధానంగా ఈ రెండు పద్ధతులే కనిపిస్తాయి.

మొదటిది కెనెడీ దారి. ఒక సిలిండరులో ముషలకం ఉంటుంది. నీరు దాన్ని ఒక చివర నుంచి మరో చివరకు తోస్తుంది. ఒక్కో తోపుకు ఒక్కో సిలిండరు నీరు. కిరాణా కొట్టులో నూనెను మానికతో కొలిచి పోసినట్టే ఇది. రెండవది సీమెన్స్ దారి. గొట్టంలో ఒక రెక్కల చక్రం ఉంటుంది. నీరు ఎంత వేగంగా పోతే చక్రం అంత వేగంగా తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో పళ్ళ చక్రాలు లెక్కపెట్టి అంకెల రూపంలో చూపిస్తాయి. ఇది నీటిని నేరుగా కొలవదు. వేగాన్ని బట్టి పరిమాణాన్ని ఊహిస్తుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. మళ్ళీ దీని అవసరం వస్తుంది.

మొదట్లో మీటర్లు ఎక్కువగా కర్మాగారాలకే పరిమితమయ్యాయి. ఇంటింటికీ మీటరు కొని, బిగించి, చదివి, మరమ్మతు చేసే ఖర్చు మిగిలే నీటి విలువకంటే ఎక్కువని లండను వంటి చోట్ల భావించారు.

మీటరు పెట్టాక ఏమైంది?

1989లో ఇంగ్లండు, వేల్సులలో నీటి సంస్థలను ప్రైవేటుపరం చేశారు. ఆ మరుసటి సంవత్సరం ఇంటి విలువ మీద వేసే పాత స్థానిక పన్ను కూడా పోయింది. కానీ మీటరు లేని ఇళ్ళకు పాత విలువల ప్రకారమే నీటి బిల్లులు కొనసాగాయి. ఆ విలువలు 1973లో వేసిన లెక్క మీద ఆధారపడినవి!

1989లోనే ప్రయోగాత్మకంగా కొన్ని ప్రాంతాల్లో ఇంటింటికీ మీటర్లు పెట్టారు. వాటిలో వైట్ దీవి పెద్దది. మొత్తం మీద వాడకం సుమారు పదోవంతు తగ్గింది. మరి బిల్లులు కూడా పదోవంతు తగ్గాలి కదా? అలా ఎందుకు జరగదో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ఒక వీధిలో రెండే ఇళ్ళు ఉన్నాయనుకోండి. పెద్ద ఇంట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. చిన్న ఇంట్లో ఏడుగురు ఉంటారు. నీటి సంస్థకు ఇద్దరి నుంచి కలిపి నెలకు 300 రూపాయలు రావాలి. ఇంటి విలువను బట్టి వసూలు చేస్తే ముసలామె 200, ఏడుగురి కుటుంబం 100 కడతారు. ఇప్పుడు మీటర్లు పెట్టారు. ముసలామె 4 కిలోలీటర్లు, కుటుంబం 16 కిలోలీటర్లు వాడినట్టు తేలింది. మొత్తం 20. అంటే కిలోలీటరుకు 15 రూపాయలు. ముసలామె బిల్లు 200 నుంచి 60కి దిగింది. కుటుంబం బిల్లు 100 నుంచి 240కి ఎక్కింది. సంస్థకు వచ్చింది మాత్రం అదే 300!

అందరూ పొదుపు చేసి 18 కిలోలీటర్లే వాడితే? గొట్టాలు, పంపులు, సిబ్బంది జీతాలు మొదలైన ఖర్చులో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. అప్పుడు కిలోలీటరు ధర పెంచాల్సి వస్తుంది. మీటరు మొత్తం ఖర్చును ఒక్కసారిగా తగ్గించలేదు. ఆ ఖర్చును మనుషుల మధ్య కొత్తగా పంచుతుంది. పొదుపు వల్ల కొత్త జలాశయం, కొత్త గొట్టం అవసరం వాయిదా పడితే అసలు లాభం అప్పుడు కనిపిస్తుంది.

ఈ పంపకం ఎంత కఠినమో అక్కడి పేద కుటుంబాలకు తెలిసివచ్చింది. మీటరు ఉన్నా లేకపోయినా, ప్రైవేటుపరం చేశాక నీటి ధరలు పెరిగాయి. 1991-92లో బిల్లు కట్టలేదని 20 వేలకు పైగా ఇళ్ళకు నీరు కత్తిరించారు. కొన్ని చోట్ల ముందుగా డబ్బు కడితేనే నీరు వదిలే పరికరాలు బిగించారు. డబ్బు అయిపోతే కుళాయి దానంతట అదే ఆగిపోతుంది. 1998లో న్యాయస్థానం ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. 1999 చట్టం బిల్లు బాకీ కారణంగా ఇంటికి నీరు ఆపడాన్ని నిషేధించింది. కోరినవారికి మీటరు ఉచితంగా పెట్టాలని కూడా చెప్పింది. ప్రభుత్వ సహాయంతో బతుకుతూ, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ పిల్లలున్న కుటుంబాలకు, ఎక్కువ నీరు అవసరమయ్యే జబ్బులున్న వారికి మీటరు బిల్లు ఒక హద్దు దాటకుండా నిబంధనలు వచ్చాయి. మీటరు వచ్చిన తరువాత దాని చుట్టూ న్యాయాన్ని విడిగా రాసుకోవలసి వచ్చిందన్నమాట.

మన దగ్గర 20 కిలోలీటర్లు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయి హైదరాబాదుకు నీరిచ్చాయి. నగరం పెరిగేకొద్దీ మంజీర, కృష్ణ, గోదావరి నీటిని దూరం నుంచి పంపులతో తేవలసి వచ్చింది. దూరం పెరిగితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఎవరు ఎంత కట్టాలన్న ప్రశ్న అప్పుడు మరింత పెద్దదవుతుంది.

2021 జనవరిలో హైదరాబాదులో ఒక పథకం మొదలైంది. ఇంటి నల్లాకు నెలకు 20 కిలోలీటర్లు, అంటే 20,000 లీటర్లు ఉచితం. మురికివాడలకు మినహాయింపు ఇచ్చి, మిగిలిన ఇళ్ళకు పనిచేసే మీటరు ఉండాలన్నారు. ఢిల్లీలో 2015లో ఇలాంటి పథకమే అమలైంది. అక్కడ కూడా మీటరు ఉండాలి. పైగా మరో షరతు. వాడకం 20 కిలోలీటర్లు దాటితే దాటినదానికే కాదు, మొత్తం నీటికీ బిల్లు.

ఇంగ్లండులో బిల్లు పెరుగుతుందని మీటరంటే భయపడినవారున్నారు. ఇక్కడ బిల్లు సున్నా కావడానికే మీటరు కావాలి! యంత్రం అదే. దాని వెనక రాసిన ధరల పట్టిక వేరు.

ఒక లెక్క వేయండి. మురుగునీటి గొట్టాల వ్యవస్థ ఉన్న నగరాలకు మన దేశంలో ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఐదుగురికి 30 రోజులకు 20,250 లీటర్లు. అంటే 20 కిలోలీటర్లు ఐదుగురి కుటుంబానికి దాదాపు సరిపోతాయి. ఒకే నల్లా మీద పదిమంది బతికే ఇంట్లో తలకు రోజుకు 67 లీటర్లు కూడా రావు. ఇద్దరే ఉన్న ఇంట్లో 333 లీటర్లు! మీటరు నీటిని లెక్కపెడుతుంది, నోళ్ళను లెక్కపెట్టదు.

గాలికి కూడా బిల్లా?

ఇంకో చిక్కు. ఇళ్ళలో వాడే మీటర్లకు మన దేశంలో ఐ.ఎస్. 779 అనే ప్రమాణం ఉంది. సాధారణ ప్రవాహంలో నూటికి 2, మరీ సన్నటి ప్రవాహంలో నూటికి 5 వరకు తేడాను ఈ తరహా మీటర్లకు అనుమతిస్తారు. 20,000 లీటర్లలో నూటికి 2 అంటే 400 లీటర్లు. ఢిల్లీ షరతు వంటిది ఉన్నచోట గీత దగ్గర ఉన్న ఇంటికి ఈ 400 లీటర్లే సున్నా బిల్లుకూ పూర్తి బిల్లుకూ మధ్య తేడా కావచ్చు.

రోజుకు గంటో రెండు గంటలో నీరు వచ్చే ఊళ్ళలో మరో సమస్య ఉంది. నీరు ఆగాక గొట్టాల్లోకి గాలి చేరుతుంది. మళ్ళీ నీరు వదలగానే అది గాలిని ముందుకు తోస్తుంది. రెక్కల చక్రం వేగాన్ని బట్టి ఊహిస్తుందని చెప్పుకున్నాం కదా! తోసేది నీరో గాలో దానికి తెలియదు. నీటితో వచ్చే ఇసుక, మట్టి చక్రానికి అడ్డుపడి మీటరు ఆగిపోవడం కూడా మామూలే. గొట్టంలో ఎప్పుడూ నీరు నిండి ఉంటే ఈ బెడదలు తగ్గుతాయి. 2008 నుంచి హుబ్బళ్ళి-ధార్వాడ, బెళగావి, కలబురగి నగరాల్లోని కొన్ని వార్డులలో, 2021 నుంచి ఒడిశాలోని పూరీలో 24 గంటల సరఫరానూ మీటర్లనూ కలిపి ప్రవేశపెట్టడానికి ఇదొక కారణం.

మీరే చేసి చూడండి

మీ ఇంట్లో మీటరు ఉంటే నెల మొదటి తేదీన, చివరి తేదీన అంకెలు రాసుకోండి. మామూలుగా నల్లని అంకెలు కిలోలీటర్లు, ఎర్రనివి అందులో భాగాలు. రెండింటి తేడాను ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో, రోజులతో భాగించండి. మీ తలకు వచ్చే నీరు తెలుస్తుంది. బిల్లులో రాసిన అంకెతో మీ అంకెను పోల్చండి.

రాత్రి పడుకునేముందు పై ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీయండి. కుళాయిలన్నీ కట్టేసి ఉదయం చూడండి. మట్టం దిగితే ఎక్కడో కారుతోందన్నమాట. సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు 4 లీటర్లు దాటుతుంది. ఇంత సన్నటి ధారకు మీటరు అసలు తిరగకపోవచ్చు. మీటరు తిరగలేదంటే నీరు పోవడం లేదని కాదు!

రోములో ముద్ర వేసిన నాళిక నుంచి మీ గేటు దగ్గరి చక్రం వరకు, కొలత ఎంతో మెరుగుపడింది. కానీ కొలిచాక ఎవరు ఎంత కట్టాలో ఏ యంత్రమూ చెప్పదు. దాన్ని మనుషులు నిర్ణయించాలి. రేపు మీ ఊళ్ళో మీటర్లు పెడతామంటే అడగవలసిన మొదటి ప్రశ్న మీటరు మంచిదా చెడ్డదా అన్నది కాదు. దాని వెనక ధరల పట్టిక ఎవరు రాశారు, పదిమంది ఉన్న చిన్న ఇంటికి అందులో ఏమి రాశారు అన్నది.