కదలెడి బొమ్మ, నిలిచిన సాక్ష్యము



మా గుంటూరు సీమ మిరపచేలలో కాయ కోతకు వచ్చు తరుణమున, కోసిగి, ఆదోని ప్రాంతములనుండి కూలిజనము పిల్లాజెల్లలతో తరలివచ్చి పొలముల చెంత గుడిసెలు వేసికొని యుందురు. ఏటేట వచ్చువారే యైనను, వారి పేర్లు మనలో పెక్కుమంది యెఱుగరు. నేడు నేను చెప్పబోవు వృత్తాంతమును వారిని మనసున నుంచుకొనియే చెప్పుచున్నాను.

2016వ సంవత్సరమున పాకిస్తానులోని కరాచీ నగరమందు, రోష్నీ హెల్ప్‌లైన్ అను శిశురక్షణ సంస్థ ప్రచారమునకై ఒక చిన్న వీడియో తీయబడెను. మోటారుసైకిలుపై వచ్చిన యిరువురు వీథిలోని బాలు నొకనిని ఎత్తుకొని పోవుదురు. అంతలోనే మరలివచ్చి, బాలుని దింపి, పిల్లలను కనిపెట్టుకొని యుండవలెనని వ్రాసిన యట్టను పైకెత్తి చూపుదురు. కథ యంతయు ఇంతే. 2018 నాటికి ఎవరో దీని చివరిభాగమును కత్తిరించి, ఎత్తుకొనిపోవుట మాత్రము మిగిల్చి, మన దేశములో వాట్సాపున వదలిరి. దానితోబాటు వరుసగా పడియున్న మృతబాలుర చిత్రమొకటి తిరిగెను. పిల్లల అవయవములకై చంపిరని దానికి వ్యాఖ్య! అది నిజమునకు 2013లో సిరియాదేశపు ఘూటాలో విషవాయువునకు బలియైన పసివారి చిత్రము.

ఫలిత మేమయ్యెను? 2018 మే నెలలో నిజామాబాదు, యాదాద్రి భువనగిరి జిల్లాలలోను, హైదరాబాదులోను అమాయకులు మూకల చేతులలో ప్రాణములు విడిచిరి. జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురిని కొట్టి చంపిరి. అదే నెల బీదరు జిల్లాలో హైదరాబాదు యువకు డొకడు మరణించెను. అతని బృందము చేసిన నేరము, పిల్లలకు చాక్లెట్లు పంచుట. కొట్టినవారిలో పెక్కండ్రు మనవంటి గృహస్థులే యని తలంచినప్పుడు నాకు నిద్ర రాదు.

ఈ యసత్యమును పట్టుకొనుటకు ఉపాయ మొకటి కలదు. వీడియో యనగా సెకండునకు ఇరువదినాలుగో, ముప్పదియో చొప్పున పరుగెత్తు నిలుకడబొమ్మల దొంతర. ఆ పరుగును ఆపి, ఒక్క బొమ్మను స్క్రీన్‌షాటుగా తీసి, ఇంటర్నెట్టులో వెదకుయంత్రమునకు చూపవలెను. యంత్రము బొమ్మలోని గీతలను, రంగులను, ఆకారములను అంకెలుగా మార్చి, తన భాండారములోని చిత్రములతో సరిపోల్చి, ఇది యింతకుముందు ఎచ్చట వెలువడినదో చూపును. టిన్‌ఐ అను సాధనము 2008లోను, గూగులువారిది 2011లోను వచ్చెను. వీడియోను తానే ముఖ్యమైన బొమ్మలుగా విడదీసి యిచ్చు ఇన్‌విడ్ అను సాధనమును ఐరోపావారు తరువాత సిద్ధపఱచిరి.

ఏ బొమ్మను తీయవలెననునదే నేర్పు. మసకగా కదలిపోవు ముఖము కొఱగాదు. అంగడి పేరుపలక, బండి నంబరు, మసీదు గోపురము, గోడమీది లిపి, ఇట్టివి స్పష్టముగా కనబడునట్టిది కావలెను. మొదట నొకటి, నడుమ నొకటి, చివర నొకటి తీసి వెదకుట మేలు. దొరికినవానిలో మిక్కిలి పాతదానిని చూడవలెను. నిన్న జరిగినదని చెప్పబడు సంఘటన ఐదేండ్లక్రిందటనే అచ్చుపడి యున్నచో ఇక వాదమేమున్నది?

మన జిల్లాకు ఈ విద్య క్రొత్త కాదు. కల్నల్ మెకంజీ 1816లో మరల అమరావతికి వచ్చి స్తూపశిలలకు చిత్రములు వ్రాయించెను. ఆ శిలలలో కొన్ని సున్నముగా కాలిపోయినవి. కొన్ని మదరాసుకు, కొన్ని లండనుకు చేరినవి. పిమ్మట పండితులు ఆ చిత్రములను ముందిడుకొనియే ఏ ఫలకము ఏదియో పోల్చుకొనిరి. నాడు కంటితో చేసినది నేడు యంత్రము చేయుచున్నది, అంతే.

అయితే ఒక హెచ్చరిక. బొమ్మను అద్దములో వలె త్రిప్పినను, అంచులు కోసినను యంత్రము తడబడవచ్చును. ఏమియు దొరకనంతమాత్రమున వీడియో నిజమని కాదు. కృత్రిమమేధతో క్రొత్తగా కల్పించిన చిత్రములకు పాతమూల మేదియు నుండదు. అట్టిచోట యంత్రమును విడిచి, పోలీసుఠాణాకు ఫోను చేయుటయే మార్గము.

2018లో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి యంత్రమునకై కాచుకొని కూర్చుండలేదు. పోలీసులను పల్లెపల్లెకు పంపి, డప్పుతో, పాటతో సుమారు నాలుగువందల గ్రామములలో ఈ వదంతుల గుట్టు చెప్పించెను. నాకు ఈ పద్ధతియే మిక్కిలి నచ్చినది.

నిరుడు మా రచ్చబండ యొద్దను ఇట్టి వీడియో యొకటి వచ్చెను. గుంటూరు బస్టాండులో జరిగినదనిరి. ఇద్దరు ముగ్గురు కఱ్ఱలు పట్టుకొని, చేలలో గుడిసెలవారిని అడిగివత్తుమని లేచిరి. నా యొద్ద చదివిన కుఱ్ఱవాడొకడు వారిని కూర్చుండబెట్టి, వీడియోను ఆపి, వెనుకనున్న అంగడిపలకను చూపెను. అది తెలుగు కాదు. బొమ్మను తీసి వెదకగా మఱియొక రాష్ట్రములో మూడేండ్లక్రిందటిదని తేలెను. కఱ్ఱలు గోడకు ఆనించి అందఱును కూర్చుండిరి. గుడిసెలవారికి ఈ సంగతి నేటికిని తెలియదు.