సెమఫోర్ చరిత్ర: వేగాన్ని నమ్ముకోని పరిష్కారం

1. ఉపోద్ఘాతం

ఒకే ప్రాసెస్‌కు చెందిన థ్రెడ్‌లు ఒకే డేటాను పంచుకుంటాయని మీకు తెలుసు. ఆ డేటాను కాపాడే సాధనాల్లో సెమఫోర్ ముఖ్యమైనది. దాన్ని ఎలా వాడాలో నేర్చుకునే ముందు, అది ఏ అవసరం నుంచి పుట్టిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఒక చిన్న ఉదాహరణ తీసుకోండి. ఒక ఖాతాలో 1,000 రూపాయలు ఉన్నాయి. ఒక థ్రెడ్ 500, మరో థ్రెడ్ 200 జమ చేయాలి. ప్రతి థ్రెడ్ నిల్వను చదివి, తన మొత్తాన్ని కూడి, ఫలితాన్ని తిరిగి రాస్తుంది. రెండూ ఒకేసారి 1,000 అని చదివాయనుకోండి. చివరికి నిల్వ 1,500 లేదా 1,200 అవుతుంది కానీ 1,700 కాదు. ప్రోగ్రామ్‌లో ఏ వాక్యాన్ని విడిగా చూసినా తప్పు కనబడదు. ఏ థ్రెడ్ ఎప్పుడు నడిచిందన్న దాని మీద ఫలితం ఆధారపడటమే అసలు తప్పు. దీన్నే రేస్ కండిషన్ అంటారు. వెయ్యిసార్లు సరిగా నడిచిన ప్రోగ్రామ్ కూడా ఆ తర్వాతిసారి తప్పవచ్చు.

2. ఇంటరప్ట్ తెచ్చిన చిక్కు

1950ల చివర నెదర్లాండ్స్‌లో ఎలెక్ట్రోలాజికా ఎక్స్1 అనే కంప్యూటర్ తయారైంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ పరికరాలు తమ పని పూర్తయినప్పుడు ప్రాసెసర్‌ను మధ్యలో ఆపి పిలిచే ఇంటరప్ట్ సౌకర్యం ఇందులో ఉంది. దీనికి కావలసిన ప్రోగ్రామ్ రాసే బాధ్యత ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రాపై పడింది. ఆయన మొదట వెనుకాడారు. ఇంటరప్ట్ ఏ క్షణంలో వస్తుందో చెప్పలేం. కాబట్టి ఒకసారి కనిపించిన తప్పును మళ్లీ రప్పించి పరీక్షించలేం. పరీక్షలపై ఆధారపడలేనప్పుడు ప్రోగ్రామ్ సరైనదని తర్కంతోనే నిరూపించాలి. ఆయన తర్వాతి కృషి అంతా ఈ దారిలోనే సాగింది.

3. డెక్కర్ పరిష్కారం

రెండు ప్రాసెస్‌లలో ఒక్కటే ఒక సమయంలో పంపకపు డేటాను తాకేలా చూడటం ఎలా? డేటాను తాకే ఆ ప్రోగ్రామ్ భాగాన్ని క్రిటికల్ సెక్షన్ అంటాం. సాధారణ చరరాశులను చదవడం, రాయడం మాత్రమే ఉపయోగించి డచ్ గణిత శాస్త్రవేత్త డెక్కర్ దీనికి మొదటి సరైన పరిష్కారం ఇచ్చారు. ఎన్ని ప్రాసెస్‌లకైనా వర్తించేలా డైక్‌స్ట్రా దాన్ని విస్తరించి 1965లో ప్రచురించారు. ఇక్కడ ఒక షరతును గమనించండి: ఏ ప్రాసెస్ ఎంత వేగంగా నడుస్తుందో ముందుగా ఊహించుకోకూడదు. ఏ వేగంతో నడిచినా ఫలితం సరిగా ఉండాలి.

ఈ పద్ధతి సరైనదే కాని ఖరీదైనది. వేచి ఉన్న ప్రాసెస్ "ఇప్పుడు వెళ్లవచ్చా?" అని పదే పదే పరీక్షిస్తూ ప్రాసెసర్ సమయాన్ని వృథా చేస్తుంది.

4. సిగ్నల్ స్తంభం

దీనికి జవాబుగా డైక్‌స్ట్రా ప్రవేశపెట్టినదే సెమఫోర్. ఈ పేరు రైల్వేల నుంచి వచ్చింది. చేయి చాచినట్లుండే పలకతో రైలును ఆపే లేదా వదిలే సిగ్నల్ స్తంభాన్ని సెమఫోర్ అంటారు.

సెమఫోర్ ఒక పూర్ణాంకం. దానిపై రెండే పనులు చేయవచ్చు. పి చర్య విలువను ఒకటి తగ్గిస్తుంది. తగ్గించే వీలు లేకపోతే ఆ ప్రాసెస్‌ను నిద్రపుచ్చుతుంది. వి చర్య విలువను ఒకటి పెంచి, వేచి ఉన్న వారిలో ఒకరు ముందుకు సాగేందుకు వీలు కల్పిస్తుంది. డచ్ భాషలో పెంచడాన్ని "వెర్‌హోగెన్" అంటారు. వి అక్షరం దాని నుంచి వచ్చింది. పి అక్షరానికి మూలం "ప్రోలాగ్"; "తగ్గించడానికి ప్రయత్నించు" అనే అర్థంలో ఆయన కల్పించిన పదమది. ఈ రెండు చర్యల మధ్యలో మరో ప్రాసెస్ జొరబడలేదు. అంటే ఇవి అవిభాజ్యాలు.

మన ఖాతా ఉదాహరణలో సెమఫోర్ తొలి విలువ 1 అనుకోండి. నిల్వను చదివే ముందు పి, రాసిన తర్వాత వి చేస్తే చాలు. ఏ థ్రెడ్ ముందు వచ్చినా ఫలితం 1,700.

5. ఐండ్‌హోవెన్‌లో ఆచరణ

డైక్‌స్ట్రా 1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు. అక్కడ ఒక చిన్న బృందంతో ఎక్స్8 కంప్యూటర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మించారు. దాని గురించిన వ్యాసం 1968లో వెలువడింది. వ్యవస్థను పొరలుగా విడదీసి, ప్రాసెస్‌ల మధ్య సమన్వయాన్ని సెమఫోర్‌లకు అప్పగించారు. పరీక్షల్లో చిన్న చిన్న కోడింగ్ తప్పులు మాత్రమే బయటపడ్డాయనీ, ఒక్కొక్కటీ పది నిమిషాల్లో దొరికిందనీ ఆయన రాశారు.

అయినా సెమఫోర్‌తో చిక్కులు తీరిపోలేదు. రెండు ప్రాసెస్‌లు చెరొక వనరును పట్టుకుని, అవతలి దాని కోసం ఎదురుచూస్తే రెండూ ఆగిపోతాయి. దీనికి డైక్‌స్ట్రా వాడిన మాటకు "ప్రాణాంతకమైన కౌగిలి" అని అర్థం. ధృతరాష్ట్ర కౌగిలి అనవచ్చు. ఇప్పుడు మనం దాన్ని డెడ్‌లాక్ అంటున్నాం. ఒక్క వి మరచిపోయినా ఇతర థ్రెడ్‌లు ఎప్పటికీ నిద్రలోనే ఉంటాయి. ఈ భారాన్ని ప్రోగ్రామర్ నుంచి భాషకు బదలాయించడానికి బ్రింక్ హాన్సెన్, హోర్ 1970ల మొదట్లో మానిటర్ అనే భావనను రూపొందించారు.

6. అంగారకుడిపై ఒక పాఠం

1997 జులై 4న పాత్‌ఫైండర్ నౌక అంగారకుడిపై దిగింది. కొన్ని రోజులకే దాని కంప్యూటర్ మాటిమాటికి రీసెట్ కాసాగింది. ప్రతిసారీ ఆనాటి మిగిలిన పని మరుసటి రోజుకు వాయిదా పడేది.

కారణం ఇది. తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ పరిశీలన టాస్క్ ఒక మ్యూటెక్స్ సెమఫోర్‌ను తీసుకుంది. అధిక ప్రాధాన్యం గల మరో టాస్క్‌కు కూడా అదే కావలసి వచ్చి ఆగింది. ఈలోగా మధ్యస్థ ప్రాధాన్యం గల సమాచార ప్రసార టాస్క్ ప్రాసెసర్‌ను ఆక్రమించింది. దాంతో సెమఫోర్‌ను పట్టుకున్న టాస్క్‌కు దాన్ని విడిచే అవకాశమే రాలేదు. ముఖ్యమైన పని గడువులోగా పూర్తి కాలేదని గుర్తించి వ్యవస్థ తనను తాను రీసెట్ చేసుకుంది. ఈ స్థితిని ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

సెమఫోర్‌ను పట్టుకున్న టాస్క్‌కు, దాని కోసం వేచి ఉన్న టాస్క్ ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడమే దీనికి పరిష్కారం. షా, రాజ్‌కుమార్, లెహాట్స్కీ 1990లోనే దీన్ని విశ్లేషించి ప్రచురించారు. నౌకలోని ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఈ సౌకర్యం ఉంది, కాని ఆ సెమఫోర్‌కు దాన్ని ఆన్ చేయలేదు. ఇంజనీర్లు భూమిపై ఉన్న నమూనాలో సమస్యను మళ్లీ రప్పించి, భూమి నుంచే మార్పు పంపి సరిదిద్దారు. ఈ రీసెట్ ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ కనిపించింది. మళ్లీ రప్పించలేక అప్పట్లో కారణం పట్టుకోలేకపోయారు. ఎక్స్1 కాలంలో డైక్‌స్ట్రాను వెనుకాడేలా చేసిన భయం సరిగ్గా ఇదే.

7. సారాంశం

సెమఫోర్ డేటాను కాపాడుతుంది, కాని ఎంతసేపు వేచి ఉండాలో చెప్పదు. కాబట్టి థ్రెడ్‌లతో ప్రోగ్రామ్ రాసిన ప్రతిసారీ "నడిచిందా?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "ఏ క్రమంలో, ఏ వేగంతో నడిచినా ఇది సరైనదేనా?" అని కూడా అడగండి. సెమఫోర్ చరిత్ర మనకు నేర్పే పాఠం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఖాతా ఉదాహరణలో సెమఫోర్ తొలి విలువను 2గా పెడితే ఏమవుతుంది? కారణం రాయండి.
2. డెక్కర్ పద్ధతి సరైనదే అయినా సెమఫోర్ ఎందుకు అవసరమైంది?
3. డెడ్‌లాక్‌కు, ప్రయారిటీ ఇన్వర్షన్‌కు గల తేడాను వివరించండి.