బిల్లు రాని గూడెంలో నీళ్లకు ఎంత కడుతున్నారు?

పట్నంలో నీళ్ల ఖర్చు తెలియాలంటే బిల్లు చూస్తే చాలు. అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, అనంతగిరి మండలాల గూడేల్లో చాలా ఇళ్లకు మీటరూ లేదు, బిల్లూ రాదు. అది చూసి 'వాళ్లకు నీళ్లు ఉచితమే కదా' అనేస్తారు. ఆ మాటలో నిజమెంతో తేల్చడానికి ఒక బకెట్, ఒక గడియారం, కొంచెం గుణకారం సరిపోతాయి. గ్రామసభకు వెళ్లే కార్యకర్తలు, సర్వేలు చేసే విద్యార్థులు ఎవరి ఊరి లెక్క వాళ్లు వేసుకోవడానికి పనికొచ్చే పద్ధతి ఇది.

ఇంటికి ఎన్ని నీళ్లు కావాలి?

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెలో ప్రతి మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు కొళాయి ద్వారా అందాలి. ఐదుగురున్న ఇంటికి రోజుకు 275 లీటర్లు, నెలకు 8,250 లీటర్లు. బిల్లుల భాషలో వెయ్యి లీటర్లను ఒక కిలోలీటరు అంటారు. అంటే మన ఇంటికి నెలకు 8.25 కిలోలీటర్లు కావాలి. పోల్చి చూసుకోవడానికి ఒక అంకె: హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన పథకం కింద ఒక్కో ఇంటికి నెలకు 20 కిలోలీటర్ల దాకా ఉచితం.

ఊటలో ఎన్ని ఉన్నాయి?

కొండ మీది ఊట నుంచి పైపు వేసి, కరెంటు లేకుండా వాలు మీదే కిందికి నీళ్లు తెచ్చేది గ్రావిటీ పథకం. పైపు చివర 20 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు, రోజుకు 43,200 లీటర్లు. 40 ఇళ్ల గూడేనికి రోజుకు కావాల్సింది 11,000 లీటర్లే. రాత్రి వచ్చే నీళ్లు పట్టుకునే ట్యాంకు ఉంటే ఇబ్బంది లేదు.

అదే బకెట్ మే నెలలో నిండడానికి 4 నిమిషాలు పడితే? రోజుకు 7,200 లీటర్లే వస్తాయి. మనిషికి 36 లీటర్లు. అందుకే కొలత వేసవిలో తీయాలి. వానాకాలంలో తీసిన అంకెతో కాగితం మీద ప్రతి కొళాయీ పారుతుంది.

కొళాయి నడపడానికి ఎంత?

కింది ధరలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మార్చుకోండి. 40 ఇళ్ల గ్రావిటీ పథకానికి నెలకు:

- చూసుకునే మనిషికి: రూ.2,000
- బ్లీచింగ్ పౌడర్: రూ.300
- పైపులు, ట్యాపుల మరమ్మతు: రూ.1,000

మొత్తం రూ.3,300. ఇంటికి సుమారు రూ.83. కిలోలీటరుకు రూ.10.

నీళ్లు మోటారుతో ఎక్కించాల్సి వస్తే కరెంటు ఖర్చు కలుస్తుంది. 11,000 లీటర్లను 60 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, మోటారు సామర్థ్యం 45 శాతం అనుకుంటే, రోజుకు 4 యూనిట్లు కాలుతుంది. నెలకు 120 యూనిట్లు. యూనిట్ రూ.7 చొప్పున రూ.840. ఇంటికి మరో రూ.21.

తల మీది బిల్లు

ఇప్పుడు కొళాయి లేని ఇల్లు. ఒక ఆడమనిషి గెడ్డకో ఊటకో రోజుకు ఆరుసార్లు వెళ్తుందనుకుందాం. రానూపోనూ 20 నిమిషాలు. ఒక్కసారికి తలమీద, చంకన కలిపి 25 లీటర్లు. రెండు గంటలు నడిస్తే ఇంటికి వచ్చేవి 150 లీటర్లు. మనిషికి 30 లీటర్లే.

ఆ శ్రమకు ధర కట్టండి. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.300. ఎనిమిది గంటల పనిగా చూస్తే గంటకు రూ.37.50. నెలకు 60 గంటలకు రూ.2,250. ఆ నెలలో మోసింది 4.5 కిలోలీటర్లు. అంటే కిలోలీటరుకు రూ.500. కొళాయి నీళ్లకు యాభై రెట్లు, పైగా దొరికేవి దాదాపు సగం. బిల్లు రాని ఇల్లే అందరికంటే ఎక్కువ కడుతోంది. ఆ మొత్తం ఏ పద్దులోనూ ఎక్కదు. ఎందుకంటే కట్టేది ఆడవాళ్లు, తమ ఒంటితో.

వసూలు చేస్తే ఏం అడగాలి?

డబ్బు అడిగినప్పుడు ముందు అది దేనికో తేల్చుకోవాలి. జల్ జీవన్ మిషన్‌లో ఊరి లోపలి నిర్మాణానికి ప్రజల వాటా సాధారణంగా 10 శాతం. కొండ, అటవీ ప్రాంతాల్లోనూ, ఎస్సీ, ఎస్టీలు సగానికి మించిన ఊళ్లలోనూ 5 శాతమే. దాన్ని డబ్బుగానే కట్టనక్కర్లేదు, శ్రమగా కూడా ఇవ్వొచ్చు. నెలనెలా కట్టే నిర్వహణ రుసుము వేరు. దాన్ని ఇంటింటికీ ఎంతని తేల్చేటప్పుడు ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి.

పంచాయతీకి వచ్చిన డబ్బూ అడగండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 30 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికే కేటాయించింది. ఇది అయిదో షెడ్యూల్ ప్రాంతం. 1996 పెసా చట్టం ప్రకారం పథకాలకు గ్రామసభ ఆమోదం కావాలి, ఖర్చుకు గ్రామసభ ధ్రువీకరణ కావాలి. గూడెమే గ్రామసభగా కూర్చోవచ్చు. లెక్కలు చూపకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇరవై ఇళ్ల లోపు ఆదిమ తెగల ఆవాసాలకు 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ కింద సామూహిక నీటి పథకం అడగొచ్చు.

ఒక్కోసారి అడ్డం పడేది డబ్బు కాదు, మనుషులు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ఎస్సీ, ఎస్టీలను వాగు, ఊట, బావి, చెరువు, కొళాయి వాడుకోనివ్వకుండా ఇతరులు అడ్డుకోవడాన్ని నేరంగా పేర్కొంది. ఊట అనే మాట చట్టంలోనే ఉందని గుర్తుంచుకోండి.

ఈ వేసవిలో మార్చి నుంచి మే దాకా వారానికోసారి బకెట్ నిండే సమయం, నీళ్లకు తిరిగిన గంటలు ఒక నోటుబుక్కులో తేదీలతో రాయండి. రాసినవాళ్ల సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. 'మీకు నీళ్లు ఉచితమే కదా' అన్న అధికారి ముందు గ్రామసభలో ఆ పుస్తకం తెరవండి.