మాంజా పాడే పాట

మొన్న వీకెండ్ ఆల్విన్ లూసియర్ అనే అమెరికన్ సంగీతకారుడి రికార్డింగ్ ఒకటి విన్నాను. 1977లో ఆయన చేసింది చాలా సింపుల్. హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి సన్నటి తీగ లాగి కట్టి, ఒక చివర అయస్కాంతం పెట్టి, తీగలోకి ఆసిలేటర్ కరెంటు పంపాడు. ఇక తీగ తనంతట తానే పాడుకుంటుంది! 1979లో దీన్ని రికార్డు చేసింది స్టూడియోలో కాదు, న్యూయార్క్‌లో పాత కస్టమ్స్ ఆఫీసు గుమ్మటం కింద.

వింటుంటే నాకు పాతబస్తీ గుర్తొచ్చింది. గుల్జార్ హౌజ్ దగ్గర పతంగులు కొని దోస్తు వాళ్ల డాబా ఎక్కేవాళ్లం. గాలి పట్టగానే మాంజా వేలి మీద జివ్వుమనేది. చెవి దగ్గర పెడితే సన్నటి మోత.

ఈ మోత లెక్క చెక్ శాస్త్రవేత్త స్ట్రౌహల్ 1878లోనే తేల్చాడు. గాలి వేగాన్ని దారం మందంతో భాగించి, సుమారు 0.2తో గుణిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. సెకనుకు 5 మీటర్ల గాలి, అర మిల్లీమీటరు దారం అనుకోండి: 2000 హెర్ట్జ్. అంటే సంక్రాంతికి పాతబస్తీలో ప్రతి డాబా ఒక లూసియర్ హాలే అన్నమాట.

కానీ రెండేళ్ల కిందట బైక్ మీద వెళ్తుంటే అలాంటి దారమే నా మెడ కోసింది. నైలాన్ మాంజా, ఆరు కుట్లు. 2017లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించిన సరుకే అది.

దారం పాడ్డానికి నైలానూ గాజుపొడీ అక్కర్లేదు, గాలి చాలు. వచ్చే సంక్రాంతికి నేను ఉత్త నూలు దారమే కొంటా. పేచీలో ఓడిపోతాననుకోండి, పోనీ. మరి మీరు?